అవ్వ కుడి చెంప

మా అవ్వ పేరు ఇందులో రాయను. పోయినవాళ్ళ పేరు మా కొండల్లో ఎవరూ పైకి అనరు. అంటే వాళ్ళు వస్తారు. వస్తే ఇంట్లో ఎవరో ఒకరు మంచం పడతారు. ఆ పేర్లు వంశానికి ఒక్క పెద్దాయనకే వరుసగా నోటికి వచ్చి ఉంటాయి. మళ్ళీ ఇంట్లో ఎవరైనా పోయిన రోజున ఆయన శవం ముందు నిలబడి వాటిని చదువుతాడు. అప్పుడు పాతవాళ్ళు వచ్చి కొత్తగా పోయిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్తారు. ఈ సంగతి నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. తెలిసీ ఆ తప్పు చేశాను.

అవ్వ ముఖానికి ఎడమవైపంతా పచ్చబొట్టు. కంటి కింది నుంచి దవడ దాకా మూడు వంపు గీతలు, వాటి నడుమ సన్నటి చుక్కలు. కుడివైపు ఏమీ లేదు. ఆమె ఈడు ఆడవాళ్ళందరికీ రెండు చెంపల మీదా ఉండేవి. ఏ వంశం గీతలు ఆ వంశానివే, పెళ్ళయినా ఆడదానికి పుట్టింటి గీతలే గుర్తు. పోయాక పూర్వీకులు ఆ గీతలు చూసి, మన పిల్లే అని గుర్తుపట్టి లోపలికి రానిస్తారు. గీతల్లేని ముఖాన్ని ఎవరూ పిలవరు, ఆ మనిషి ఊరి బయట చెట్ల మధ్య తిరుగుతూ ఉండిపోవాల్సిందే. పచ్చ పొడిపించుకోకుండా చిన్నతనంలోనే పోయిన ఆడపిల్లకు కూడా బొగ్గుతో గీతలు గీశాకే శవపెట్టెలో పెట్టేవాళ్ళు.

సంతలో కొత్తవాళ్ళు అవ్వను చూసి ఆగిపోయేవాళ్ళు. ఆమె వాళ్ళను ఊరికే వదిలేది కాదు.

"ఏం చూస్తావురా అట్లా? ఈ పక్క చూస్తే మనవరాలున్న ముసలిదాన్ని, ఆ పక్క చూస్తే పెళ్ళికున్న పిల్లని. నీకే పక్క కావాలో చెప్పు, బేరం మాట్లాడుకుందాం" అనేది. దక్షిణ తీరం నుంచి ఎండుచేపలు తెచ్చే హుయ్ జాతి ముసలాయన ఒకడు ఆ మాటకు ప్రతిసారీ సిగ్గుపడి ఒక చేప ఎక్కువ వేసేవాడు.

అవ్వ పుట్టింది మా లోయలో కాదు. జపాన్ సైనికులు దీవిలోకి వచ్చిన రోజుల్లో, పేము తీగల కోసం పెద్దగట్టు దాటిన డోంగ్ వంశం మనిషి ఒకాయనకు కాలిపోయిన ఊరొకటి కనిపించింది. మా ఇళ్ళు బోర్లించిన పడవల్లా ఉంటాయి. మొదట వచ్చినవాళ్ళు సముద్రం దాటి వచ్చి, ఇక వెనక్కి పోయేది లేదని పడవలనే బోర్లించి కింద కాపురం పెట్టారంటారు. ఆ ఊళ్ళో అలాంటి ఇల్లు ఒక్కటే నిలిచి ఉందట. మనుషుల అలికిడి లేదు, కుక్కలు కూడా లేవు. లోపల, ఆడవాళ్ళు కట్టుకునే నేత లంగాలో చుట్టి, నాలుగైదేళ్ళ పిల్ల కూర్చుని ఉంది. ఏడవడం లేదు. పేరడిగితే చెప్పలేదు. అదీ మా లీ భాషే అయినా గట్టు అవతలి యాస ఆయనకు సగమే అర్థమైంది. పిల్లను భుజాన వేసుకుని వచ్చేశాడు. తన పిల్లల్లో కలిపి పెంచాడు, తన వంశంలో నడిచే పేరు ఒకటి పెట్టాడు.

పన్నెండో ఏట పచ్చ పొడిచారు. పొడిచింది డోంగ్ వాళ్ళ పెద్దత్త. పేము ముల్లుతో, కుండ మసి కలిపిన ఆకు రసంతో ఎడమ చెంప మీద డోంగ్ గీతలు ఒక్క ఉదయంలో పూర్తయ్యాయి. వారంలో మానాయి. తరవాత కుడి చెంప మొదలుపెట్టారు. మొదటి ముల్లు విరిగింది. రెండోది విరిగింది. మూడోది గుచ్చగానే పిల్ల, వచ్చినప్పటినుంచీ మరిచిపోయిందనుకున్న గట్టు అవతలి యాసలో, పెద్దమనిషి గొంతుతో ఏదో అంది. పెద్దత్త ముల్లు కింద పడేసి చేతులు కడుక్కుంది.

"ఈ పక్క ఎవరో అడ్డం పట్టుకున్నారు. నా వల్ల కాదు" అని లేచిపోయింది.

మరుసటి ఏడు ప్రభుత్వం మారింది. కొత్తగా వచ్చినవాళ్ళు ఇకపై ఎవరూ ముఖాల మీద పొడవకూడదన్నారు. అలా ఆ చెంప ఉండిపోయింది.

నా చిన్నప్పుడు అవ్వ దగ్గరే పెరిగాను. మగ్గం పట్టీ నడుముకు కట్టుకుని, రెండు పాదాలతో కర్రను తన్నిపెట్టి నేస్తూ కూర్చునేది. నేను ఎప్పుడూ ఆమెకు ఎడమవైపే కూర్చోవాలి. కుడివైపు కూర్చుంటే "అక్కడ చోటు లేదే, ఇటు రా" అనేది. నవ్వుతూ అనేది కాదు. పిల్లి వచ్చి కూర్చోబోయినా కాలితో పక్కకు నెట్టేది. మిట్టమధ్యాహ్నం ఊరంతా పొలాల్లో ఉన్నప్పుడు, ఎండకు ఇంటి పైకప్పు గడ్డి చిటచిటలాడుతుంటే, ఒక్కోసారి ఆమె చేతులు ఆగిపోయేవి. తల కుడివైపుకు కొంచెం వంగేది. ఎవరో చెవిలో చెబుతుంటే వింటున్నట్టు. కాసేపటికి నాలుకతో పెదవులు తడుముకునేది.

"కల్లు రుచి తగులుతోందే నోట్లో. ఎవరు పోశారు?" అనేది.

పులియబెట్టిన బియ్యపు కల్లు మా ఇంట్లో ఆ పూటకు ఉండేది కాదు. ఆమె దగ్గరికి వెళ్ళి వాసన చూస్తే నిజంగానే వచ్చేది. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. చిన్నపిల్లలు ఏదైనా ఉండేదే అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను.

నేను చదువుకుని తాలూకా ఊళ్ళో బడి పంతులమ్మనయ్యాను. ఆ సంవత్సరం అవ్వకు మోకాళ్ళు పట్టేశాయి. సెలవులకు వెళ్ళినప్పుడు డోంగ్ యాఫో తాత వచ్చి కూర్చుని ఉన్నాడు. అవ్వను తెచ్చి పెంచినాయన చిన్నకొడుకు. డోంగ్ వాళ్ళ పేర్ల వరుస ఆయన నోట్లోనే ఉంది. ఇద్దరూ ఒకే కూజాలో రెండు వెదురు గొట్టాలు పెట్టి కల్లు తాగుతున్నారు.

"ఎందుకక్కా బెంగ? నువ్వు పోతే మావాళ్ళ పేర్లన్నీ నేను చదువుతాగా. ఒక్కటి కూడా ఎగ్గొట్టను" అంటున్నాడు తాత.

"నువ్వు నాకంటే ముందు పోతావులేరా, ఆ దగ్గు చూడు."

"అయితే నువ్వు చదువు నాకు."

"నవ్వులాట కాదురా యాఫో. మీవాళ్ళొస్తారు. ఎడమ చెంప చూస్తారు, రా తల్లీ అంటారు. ఆ తరవాత ఇటు తిరిగితే?"

తాత గొట్టం నోట్లోంచి తీసి కూజా అంచుకు ఆనించాడు.

"మీవాళ్ళు ఒప్పుకోరు, ఈ పక్కవాళ్ళకి నేను తెలీను. ఊరవతల రావిచెట్ల కింద నిలబడి మీ ఇళ్ళల్లో పొయ్యి వెలుగు చూస్తూ ఉండాలా? అరవై ఏళ్ళుగా ఈ పక్క ఎవరో కూర్చుని ఉన్నారు. ఎవరో తెలీకుండా ఎట్లా పోను?" అని నా వైపు తిరిగింది. "చున్యా, నువ్వు చదువుకున్నదానివి. నా వాళ్ళెవరో కనుక్కో."

అవ్వను చుట్టి తెచ్చిన లంగా బట్టల పెట్టెలో ఉంది. నల్లటి నేత మీద ఎర్రదారంతో పెద్ద మనిషి బొమ్మ, దాని కడుపులో చిన్న మనిషి బొమ్మ, ఆ చిన్న బొమ్మ కడుపులో ఇంకా చిన్నది. మా లోయలో ఎవరూ అలా నేయరు. దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని సంతలకు తిరిగాను. కొండ పైన ఉండే మియావ్ తెగ ఆడవాళ్ళు చూసి తల అడ్డంగా ఊపారు, మాది కాదన్నారు. తీరం నుంచి వచ్చిన హాన్ జాతి వర్తకుడు దాన్ని కొంటానన్నాడు. నాలుగో సంతలో వక్కలు అమ్ముకునే ఒక ముసలమ్మ దగ్గర తెరిచేసరికి, ఆమె వక్క నములుతున్నది ఆపింది.

ఆమె పేరు జీ యాపో. ఎనభై దాటాయి, సంతల్లో తిరిగి మా యాస పట్టుబడింది. రెండు చెంపల మీదా ఐదేసి నిలువు గీతలు, కింద చిన్న చతురస్రం.

"ఇది ఎక్కడిదే నీకు?"

"మా అవ్వది, అమ్మమ్మా. ఆమెను ఇందులోనే చుట్టి తెచ్చారట, కాలిపోయిన ఊళ్ళోంచి."

"ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు."

"ఒకరు మిగిలారు."

ముసలమ్మ లంగాను ఒళ్ళో పెట్టుకుని, బొమ్మల మీద వేళ్ళు ఆడించింది. "మిగిలిందా! పోయారనుకుని మేము అందరికీ కల్లు పోసేశామే. ఏటా పోస్తున్నామే, మిట్టమధ్యాహ్నం, ఆ బూడిద దిబ్బ మీద..."

అవ్వ నోట్లో కల్లు రుచి తగిలేదీ ఆ వేళే.

ఆ వంశంలో మగవాళ్ళెవరూ మిగల్లేదు కాబట్టి పేర్లు ఆమె పట్టుకుని ఉంది. ఊరు కాలిన రోజు మేనమామ ఊళ్ళో ఉండటం వల్ల బతికిందట. నాకు చెప్పడానికి ఒప్పుకుంది గానీ ఇంట్లో చెప్పలేదు. ఊరి కింద వాగు దగ్గరికి తీసుకెళ్ళింది. నీళ్ళు రాళ్ళ మీద పడి హోరుమంటున్న చోట కూర్చోబెట్టి, నా చెవికి నోరు ఆనించి, ఒక్కొక్క పేరూ ఊపిరితో చెప్పింది. మా భాషకు అలవాటైన లిపి లేదు. నేను చీనా అక్షరాల్లో, ఎక్కడ దగ్గరగా పలుకుతుందో చూసుకుని, నోటుపుస్తకంలో రాసుకున్నాను. మొత్తం పదకొండు.

"మొదటి ఆరుగురూ పాతవాళ్ళు. తరవాత అయిదుగురూ ఆ రోజు పోయినవాళ్ళు, ఈడు వరసన. చిన్నపిల్లలెవరు ఏ పేరో నాకు తెలీదమ్మాయ్, వరస మాత్రమే తెలుసు" అంది. నా నోటుపుస్తకంలో తన చెంప మీది గీతలు కూడా గీయించింది. లేచేటప్పుడు నా మణికట్టు పట్టుకుంది. "ఆమె పోయిన రోజే చదవాలి. అంతకుముందు ఇంట్లో నోరు విప్పకు. గొణగొద్దు కూడా. వాళ్ళకు అరవై ఏళ్ళుగా ఎవరి ఇంటికీ పిలుపు లేదు."

అలాగేనన్నాను.

ఇంటికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నాన్నా అమ్మా పొలంలో ఉన్నారు. అవ్వ లోపల నిద్రపోతోంది. అరుగు మీద కూర్చుని నోటుపుస్తకం తెరిచాను. చూస్తే కంగారు పుట్టింది. చీనా అక్షరాలు మా శబ్దాలకు సరిపోవు. ఒకే అక్షరాన్ని రెండు రకాలుగా పలకొచ్చు. వాగు దగ్గర విన్నది చెవిలోంచి జారిపోతోంది. రేపటికి మరిచిపోతానేమో, చదవాల్సిన రోజున తప్పు చదివితే ఇంత వెతికిందీ వృథా కదా. బళ్ళో పిల్లలతో రోజూ చేయించే పనే చేశాను. పైకి చదివి బట్టీ పట్టడం. ఆ క్షణంలో నేను పంతులమ్మను మాత్రమే. మెల్లగా, పెదవుల మధ్యే చదివాను. అది ఇల్లని, మిట్టమధ్యాహ్నమని గుర్తే లేదు.

మూడో పేరుకు పెరట్లో కోళ్ళు నేల కెలకడం ఆపాయి. నాకది తరవాత తట్టింది. ఆరో పేరు దగ్గర ఒక శబ్దం సందేహమొచ్చి రెండుసార్లు పలికాను. ఎనిమిది. తొమ్మిది. పక్కింటి కుక్క లేచి నిలబడి, అరవకుండా, దారి వైపు చూస్తోంది. దారిలో ఎవరూ లేరు. ఎండ తెల్లగా ఉంది. పదోది చదివాను. పదకొండోది చదివాను.

లోపలి నుంచి, "ఆఁ" అని పలికారు.

అది అవ్వ గొంతు కాదు, చిన్నపిల్ల గొంతు. ఆటలో ఉన్న పిల్ల, అమ్మ అన్నానికి పిలిస్తే పలికినట్టు.

పుస్తకం కింద పడింది. లోపలికి పరిగెత్తాను. అవ్వ చాప మీద లేచి కూర్చుని ఉంది. నెలల తరబడి సరిగా వంగని మోకాళ్ళు రెండూ మడిచి పెట్టుకుని కూర్చుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. కుడిచెంప గుమ్మం వైపు తిప్పి, ఎదురుగా వెలుతురు పడుతున్న చోటు చూసి నవ్వింది.

"అవ్వా! అవ్వా, నేను, చున్యాని."

నాకేదో చెప్పింది. గట్టు అవతలి యాస. ఒక్క మాట కూడా అర్థం కాలేదు.

యాఫో తాత సాయంత్రం వచ్చాడు. నేను దాచలేదు, అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. ఆయన గోడకు జారగిలబడి కూర్చున్నాడు.

"పోయినవాళ్ళ వరసలో ఆమె పేరు కూడా ఉంది. చచ్చిపోయిందనుకుని వాళ్ళు చేర్చేశారు" అన్నాను.

"అర్థమయింది."

"నేను పిలిచాను తాతా. వాళ్ళతోపాటు ఆమెను కూడా పిలిచాను."

"పిలిస్తే ఏమైందే? పలికింది. నాన్న పెట్టిన పేరుకి అరవై ఏళ్ళుగా 'ఏంటి, ఏంటి' అని చికాకుపడుతూ పలికేది. దీనికి అంత తియ్యగా పలికిందన్నావు." తలగుడ్డ సర్దుకున్నాడు. "మన బడి పంతులమ్మ బుర్రలో మట్టి. పో, ఆవిడకి నీళ్ళివ్వు."

మూడు రోజులు ఉంది. మా ఎవరి మాటా ఆమెకు తెలియలేదు, ఆమె మాట మాకు తెలియలేదు. నీళ్ళు ఇస్తే పిల్లలా రెండు చేతులతో గిన్నె పట్టుకుని తాగింది. చాపకు కుడివైపున ఎప్పుడూ మనిషి పట్టేంత చోటు వదిలి పడుకునే మనిషి, ఆ మూడు రోజులూ చాప మొత్తం మీద చేతులు చాపుకుని పడుకుంది. మూడో రోజు పొద్దున ఊపిరి ఆగింది. నాన్న బయటికి వెళ్ళి తుపాకీ పేల్చి ఊరికి తెలియజేశాడు.

దుంగ తొలిచిన పెట్టెలో అవ్వను పడుకోబెట్టేసరికి ఇంటి ముందు అందరూ చేరారు. పేర్లు చదవడం దగ్గర పని ఆగిపోయింది. ఏ పేర్లు?

మా చిన్నాన్న తెగేసి చెప్పాడు. "డోంగ్ పేర్లు చదవండి. ఎడమ చెంప సాక్ష్యం ఉంది. ఆ గట్టు అవతలివాళ్ళను మన ఊళ్ళోకి పిలుస్తారా? అరవై ఏళ్ళ ఆకలితో ఉన్నవాళ్ళు. ఒక్కసారి దారి తెలిస్తే ప్రతి ఇంటికీ వస్తారు."

"రెండూ చదివేస్తే పోలా?" అన్నారెవరో.

"రెండిళ్ళవాళ్ళూ వచ్చి చెరో చెయ్యి పట్టి లాగుతారు. నడిమధ్య చీలిపోతుంది పాపం" అన్నాడు యాఫో తాత. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. అది ఆయన వంశం, ఆయన చదవాల్సిన వరుస. ఆయన శవం దగ్గరికి వెళ్ళి, తన తలగుడ్డ విప్పాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి అవ్వ ఎడమ చెంప మీద, ఆ మూడు వంపు గీతలూ పూర్తిగా కప్పేలా పరిచాడు. ఆయన బట్టతల మేము చూడటం అదే మొదటిసారి.

"మావాళ్ళు చూడరు ఇక. అమ్మాయ్, నువ్వు గీయి" అన్నాడు నాతో.

"నేనా?"

"తెచ్చింది నువ్వేగా?"

బొగ్గు నూరి నీళ్ళతో కలిపాను. ఐదు గీతలూ బాగానే వచ్చాయి. పన్నెండో ఏట మూడు ముళ్ళు విరిగిన చోట బొగ్గు ఏ అడ్డూ లేకుండా పట్టింది. కింద చతురస్రం గీసి లేచేసరికి, ఆ ముఖం నాకు తెలియని మనిషిది. అమ్మ చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇప్పుడు చదువు."

"ఆడదాన్ని తాతా. పైగా ఆ వంశం దాన్ని కూడా కాదు."

"నువ్వు ఇప్పటికే ఒకసారి చదివావు. వాళ్ళకి నీ గొంతు తెలుసు."

చిన్నాన్న పిల్లలను తీసుకుని వెళ్ళిపోయాడు. అతని వెనక ఇంకో రెండు కుటుంబాలు వెళ్ళాయి. వెళ్ళేవాళ్ళ మీద నాకు కోపం రాలేదు. నాకు కూడా వెళ్ళిపోవాలనే ఉంది. చదవకపోతే అవ్వ రావిచెట్ల కింద నిలబడుతుంది, చదివితే రేపటినుంచి మా ఇంటి దారి వాళ్ళకు తెలిసిపోతుంది. మిగిలినవాళ్ళు చావు దగ్గర అప్పటిదాకా మోగిస్తున్న కంచు పళ్ళాన్ని ఆపారు. నోటుపుస్తకం తెరిచాను.

మొదటి ఆరుగురు. ఒక్కొక్క పేరు తరవాత యాఫో తాత నేల మీద కొంచెం కల్లు పోశాడు. కల్లు మట్టిలోకి మామూలుకంటే తొందరగా ఇంకినట్టు అనిపించింది. తక్కినవాళ్ళు నాలుగు అడుగుల దూరంలో ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. ఏడు, ఎనిమిది. దారి మీద కుక్కలన్నీ లేచి పక్కకు జరిగి, ఎవరికో దారి ఇచ్చినట్టు రెండు వైపులా పడుకున్నాయి. తొమ్మిది. పది.

పదకొండో పేరు దగ్గర ఆగాను. ఎదురుగా ఆ బొగ్గు చెంప. మళ్ళీ పెట్టెలోంచి ఆ పిల్ల గొంతుతో పలికితే నేను ఏం చేయాలి? పలికితే ఇంకా ఇక్కడే ఉన్నట్టు, తీసుకెళ్ళడానికి ఎవరూ రానట్టు. అరవై ఏళ్ళు ఎదురుచూసి, చనిపోయాక కూడా ఇంకా ఎదురుచూస్తున్నట్టు.

"చదువమ్మా" అన్నాడు తాత, వినపడీ వినపడకుండా.

చదివాను. ఈసారి గొణగలేదు. బళ్ళో హాజరు పిలిచేటంత స్పష్టంగా చదివాను.

తాత కూజా వంచి పట్టుకుని ఆగాడు. గాలి లేదు, ఎక్కడా ఆకు కదల్లేదు. పెట్టెలోంచి ఎవరూ పలకలేదు.

యాఫో తాత పదకొండో కల్లు మట్టిలో పోశాడు. అప్పుడు వంగి, తలగుడ్డను అలాగే ఆమె చెంప మీద ఉంచి, దుంగ మూత మూయమని చేత్తో సైగ చేశాడు.